నిలదొక్కుకోక ముందే

షాబాన్ మాసం చివరి వారంలో, అసర్ నమాజు ముగిసిన తరువాత, ఒక తండ్రి మా గదికి వచ్చారు. ఆయన కుమారునికి హైదరాబాదులోని ఒక గిడ్డంగిలో కొత్తగా కొలువు దొరికింది. పగలంతా పెట్టెలు ఎత్తి దించే పని. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మూడు నెలల పరీక్షాకాలం గడవాలి. “మౌలానా, మా వాడు రమజాన్ ఉపవాసాలన్నీ పాటిస్తానంటున్నాడు. వాళ్ళ అమ్మ భయపడుతోంది. ఎక్కడ కళ్ళు తిరిగి పడిపోతాడో, ఎక్కడ వద్దని పంపించేస్తారో అని. కాస్త నిలదొక్కుకున్నాక అన్నీ పాటించుకోవచ్చు గదా, ఈ ఏడాదికి ఊరుకోరా అన్నాను. మీరేమంటారు?” అని అడిగారు.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఉపవాసం విధి అని మాకు తెలియక కాదు, ఆయనకు తెలియకా కాదు. కాని హలాల్ ఉపాధి సంపాదించడం కూడా విధే. ఆ ఇంట్లో పెళ్ళి కావలసిన ఆడపిల్ల ఉన్నది, తీర్చవలసిన అప్పు ఉన్నది. అటువంటి తండ్రిని ఒక్క ఫత్వా వాక్యంతో పంపివేయడం సులభమే గాని న్యాయం కాదు. ఆయన మాటల్లో మమ్మల్ని ఆపినది ఒకే పదం: “నిలదొక్కుకున్నాక.” మన ఇళ్ళలో ఈ పదం ఎన్ని విధులను వాయిదా వేయించిందో లెక్కపెట్టగలమా? చదువు అయ్యాక నమాజు, ఉద్యోగం ఖాయమయ్యాక ఉపవాసం, పిల్లల పెళ్ళిళ్ళు అయ్యాక హజ్. ఆ “అయ్యాక” రాకముందే అజ్రాయీల్ దూత వచ్చిన ఇళ్ళు మనకు తెలియనివి కావు.

ఆ సాయంత్రం మాకు గుర్తుకు వచ్చినది ఒక ఆటగాని జీవితం. మదరసాలో పాఠాలు చెప్పుకునే వారికి అమెరికా ఆటలతో పనేమిటని పాఠకులు అనుకోవచ్చు. మాకూ ఆ ఆట తెలియదు. అమెరికాలో ఉంటున్న మా పూర్వ విద్యార్థి ఒకరు ఈ వ్యక్తి గురించి మొదట చెప్పి, ఆట వివరాలను ఓపికగా విడమరచారు. ఆయన పేరు హుసైన్ అబ్దుల్లాహ్. 1985లో కాలిఫోర్నియాలో జన్మించిన ముస్లిం. వృత్తి అమెరికన్ ఫుట్‌బాల్.

మనం ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట అనుకుంటాము. అమెరికా వారి ఆట వేరు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతబట్టుకొని పరుగెత్తడం, విసరడం, ఎదుటివారిని ఢీకొని పడగొట్టడం అందులో ముఖ్యం. తలకు శిరస్త్రాణం, భుజాలకు కవచం ధరించి ఆడతారు. మైదానంలో ఒక్కొక్క జట్టు నుండి పదకొండు మంది ఉంటారు. దాడి చేసే పదకొండు మంది వేరు, రక్షణ చేసే పదకొండు మంది వేరు. రక్షణలో అందరికంటే వెనుక నిలిచేవారిని ‘సేఫ్టీ’ అంటారు. ముందున్నవారందరినీ దాటి ఎవరైనా బంతితో దూసుకువస్తే ఆపవలసినవాడు అతడే. అతడు తప్పితే ఇక అడ్డు లేదు. హుసైన్ అటువంటి చివరి కాపలాదారు.

ఆ దేశంలో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అనే వృత్తి క్రీడా సంఘం కింద 32 జట్లు ఉన్నాయి. ఏటా విశ్వవిద్యాలయాలలో ఆడిన యువకులను ఆ జట్లు వరుసగా ఎంచుకుంటాయి. ఆ ఎంపికను ‘డ్రాఫ్ట్’ అంటారు. ఏడు విడతలలో రెండు వందల యాభై మందికి పైగా పేర్లు పిలుస్తారు. హుసైన్ వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం తరఫున ఆడి 2008లో ఈ ఎంపికకు నిలబడ్డారు. ఏడు విడతలూ ముగిశాయి. ఆయన పేరు ఎవ్వరూ పిలవలేదు. ఆయన అన్న హమ్జా అబ్దుల్లాహ్‌ను మూడేళ్ళ ముందు, 2005లో, ఏడవ విడతలోనైనా పిలిచారు. తమ్మునికి ఆ పిలుపూ దక్కలేదు.

అలా మిగిలిపోయిన వారిలో కొందరికి జట్లు చిన్న అవకాశం ఇస్తాయి. వేసవి శిబిరానికి రా, నీ పనితనం చూపించు, నచ్చితే ఉంచుకుంటాము, లేకుంటే పంపివేస్తాము అన్నది దాని సారాంశం. మిన్నెసోటా వైకింగ్స్ అనే జట్టు హుసైన్‌ను అలా తీసుకున్నది. ఆ రోజుల్లో శిబిరానికి ఒక్కో జట్టు ఎనభై మంది వరకు పిలిచేది. సీజను మొదలయ్యే నాటికి 53 మందినే ఉంచుకొనేది. అంటే ప్రతి వేసవిలోనూ ఇరవై మందికి పైగా సంచి సర్దుకొని ఇంటి దారి పట్టవలసిందే. డ్రాఫ్ట్‌లో పేరు పిలువబడని వారే ఆ జాబితాలో ముందుంటారు. పరీక్షాకాలం అన్న మాటకు ఇంతకంటే కఠినమైన ఉదాహరణ దొరకదు.

హుసైన్ ఆ జల్లెడలో నిలిచారు. కాని ప్రధాన స్థానం దొరకలేదు. తొలి రెండేళ్ళు ఆయన పని ఎక్కువగా ప్రత్యేక దళాలలోనే సాగింది. బంతిని దూరంగా తన్నినప్పుడు ప్రాణాలకు తెగించి పరుగెత్తి, దాన్ని అందుకున్నవాణ్ణి పడగొట్టే పని అది. ప్రేక్షకులు అటువంటి వారి పేర్లు గుర్తుంచుకోరు. యజమానులు మాత్రం వారం వారం లెక్క చూస్తారు.

ఇక ఇక్కడే మన విషయం మొదలవుతుంది. మన మాసాలు చంద్రమానాన్ని అనుసరిస్తాయి గనుక రమజాన్ ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. హుసైన్ కొలువులో చేరిన 2008లో అమెరికాలో రమజాన్ సెప్టెంబరు 1న మొదలయింది. 2009లో ఆగస్టు 22న, 2010లో ఆగస్టు 11న, 2011లో ఆగస్టు 1న మొదలయింది. అంటే ఏడాది ఏడాదికీ ఉపవాసాల మాసం నేరుగా వేసవి శిక్షణలోకి నడిచి వచ్చింది. ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి అని నిర్ణయించే రోజులు సరిగ్గా అవే. మిన్నెసోటా ఉత్తరాన ఉన్న రాష్ట్రం. ఆగస్టులో అక్కడ ఫజ్ర్ నుండి మగ్రిబ్ వరకు పదిహేను గంటలకు పైగా పడుతుంది. ఆ పదిహేను గంటలలో కవచం ధరించి పరుగులు, ఢీకొనడాలు సాగాలి. గుక్కెడు నీరు కూడా లేకుండా సాగాలి.

జట్టు పెద్దలకు భయం కలగడంలో ఆశ్చర్యం లేదు. వారి భయానికి ఒక సమాధి సాక్ష్యంగా ఉన్నది. ఇదే జట్టుకు చెందిన కోరీ స్ట్రింగర్ అనే బలిష్ఠుడైన ఆటగాడు మాన్‌కేటో పట్టణంలోని ఇదే వేసవి శిబిరంలో వడదెబ్బకు కుప్పకూలి, 2001 ఆగస్టు 1న మరణించాడు. ఆయన వయసు 27 ఏళ్ళు మాత్రమే. అటువంటి సంఘటన జరిగిన మైదానంలో ఒక యువకుడు “నేను సూర్యాస్తమయం దాకా నీరు ముట్టను” అంటే, దానిని మతద్వేషంతో కాక ప్రాణభయంతో వ్యతిరేకించేవారు ఉండవచ్చు. ఈ తేడాను మనం గుర్తించాలి. ప్రతి అభ్యంతరమూ శత్రుత్వం కాదు.

హుసైన్ ఏమి చేశారు? ఉపవాసాన్ని దాచలేదు, దానిని చూపించి గొప్పలకూ పోలేదు. తన ఉద్దేశాన్ని జట్టుకు ముందుగా తెలియజేశారు. ఉపవాసాల వల్ల తొలుత ఆయన బరువు తగ్గింది. అప్పుడు జట్టులోని ఆహార నిపుణుల సలహా ప్రకారం సహరీ, ఇఫ్తార్లను మార్చుకున్నారు. చీకటితోనే లేచి లెక్కప్రకారం తినడం, రాత్రి సమయాన్ని నీటికి, విశ్రాంతికి సక్రమంగా వినియోగించడం అలవరచుకున్నారు. ప్రధాన శిక్షకుడు బ్రాడ్ చిల్డ్రెస్‌కు, వైద్య సిబ్బందికి ఆయన స్థితి తెలుసు. ఉపవాసం పేరుతో శిక్షణలో వెనుకబడలేదు. మైదానంలో అందరూ పరుగెత్తినన్ని పరుగులు పరుగెత్తారు.

ఒంటెను కట్టివేసిన తరువాతనే అల్లాహ్‌పై భరోసా ఉంచాలని మహాప్రవక్త (సఅసం) నేర్పిన పాఠం మనందరికీ కంఠతా వచ్చు. కాని మనలో కొందరు ఒంటెను కట్టకుండానే తవక్కుల్ అంటారు, మరికొందరు ఒంటెను కట్టడంలోనే జీవితమంతా గడిపి తవక్కుల్‌ను మరచిపోతారు. సహరీకి లేవకుండా, రాత్రంతా ఫోనుతో మేల్కొని, మధ్యాహ్నం నీరసపడి, “రోజా ఉన్నాను, పని చేయలేను” అనే యువకుడు ఉపవాసానికి చెడ్డపేరు తెస్తాడు. అతని యజమాని రేపు మరొక ముస్లింను పనిలోకి తీసుకొనే ముందు ఆలోచిస్తాడు. జీతం పుచ్చుకొనే వానిపై యజమాని హక్కు ఒక అమానతు. ఉపవాసం ఆ అమానతును రద్దు చేయదు.

2010లో, శిక్షణా శిబిరం రోజులలో రమజాన్ వచ్చిన ఆ సంవత్సరంలోనే, హుసైన్‌కు రక్షణ విభాగపు మొదటి పదకొండు మందిలో స్థానం దక్కింది. ఆ ఏడాది వైకింగ్స్ తొలి పోటీ సెప్టెంబరు 9న, న్యూ ఆర్లియన్స్ నగరంలో, సూర్యాస్తమయం తరువాత మొదలయింది. అది అమెరికాలో రమజాన్ చివరి దినం. మరునాడు ఈద్. పోటీలో ఆయన జట్టు 14-9 తేడాతో ఓడిపోయింది. ఈ ఓటమిని దాచకుండా చెప్పడానికి కారణం ఉన్నది. ఉపవాసం గెలుపు తెచ్చిపెట్టే తాయెత్తు కాదు. దాని ప్రతిఫలం అల్లాహ్ వద్ద ఉన్నది, ఆట పలకపై కాదు.

ఇక్కడ ఒక షరీఅతు విషయాన్ని స్పష్టం చేయడం మా బాధ్యత. శ్రమ చేసే ప్రతివారూ ప్రాణం పోయినా ఉపవాసం విరమించకూడదని ఎవ్వరూ అపార్థం చేసుకోవద్దు. ప్రాణానికో, ఆరోగ్యానికో నిజమైన ముప్పు ఏర్పడినప్పుడు ఉపవాసాన్ని విరమించి, తరువాత ఖజా చేసుకొనే సౌలభ్యాన్ని ధర్మమే ఇచ్చింది. వ్యాధిగ్రస్తునికి, ప్రయాణికునికి దివ్య ఖుర్‌ఆన్‌లోనే మినహాయింపు ఉన్నది. అయితే కఠిన శ్రమ చేసేవారి విషయంలో ఫుఖహాలు ఒక క్రమం చెప్పారు. రాత్రే సంకల్పం చేసుకోవాలి, సహరీ తిని ఉపవాసం ప్రారంభించాలి, పనిలో ఉండగా భరించలేని స్థితి వస్తే అప్పుడు విరమించాలి. కష్టం రావచ్చునేమో అన్న ఊహతో ముందే మానివేయడం వేరు, కష్టం వచ్చాక సౌలభ్యాన్ని వాడుకోవడం వేరు. మొదటిది భయానికి లొంగడం, రెండవది అల్లాహ్ కారుణ్యాన్ని స్వీకరించడం.

హుసైన్ జీవితంలో రెండవ పరీక్ష మరింత పెద్దది. 2012 వసంతంలో వైకింగ్స్‌తో ఆయన ఒప్పందం ముగిసింది. అప్పటికి ఆయనకు 26 ఏళ్ళు. రెండు సీజన్లు ప్రధాన ఆటగానిగా ఆడి ఉన్నారు. ఈ వృత్తిలో పరుగు, బలం ఉన్న ఏళ్ళు చాలా తక్కువ. సంపాదన అంతా ఆ కొద్ది ఏళ్ళలోనే జరగాలి. ఒక సీజను ఖాళీగా ఉన్నవానిని మరచిపోవడానికి జట్లకు ఎంతో కాలం పట్టదు. పైగా 2011లో తలకు తగిలిన దెబ్బల మూలంగా ఆ సీజను చివరి భాగం ఆయనకు అప్పటికే పోయింది. మన భాషలో చెప్పాలంటే, సరిగ్గా నిలదొక్కుకోవలసిన సమయం అది.

ఆ సమయంలోనే ఆయన, అన్న హమ్జా కలిసి ఒక నిర్ణయానికి వచ్చారు. ఆ ఏడాది ఎవరితోనూ ఒప్పందం చేసుకోకూడదు, హజ్‌కు వెళ్ళాలి. ఆ సంవత్సరం అరఫా దినం అక్టోబరు 25న వచ్చింది. ఫుట్‌బాల్ సీజను సెప్టెంబరులో మొదలై చలికాలం దాకా సాగుతుంది. రెండింటినీ కలిపే దారి లేదు. హజ్ కావాలంటే ఆట వదలాలి, ఆట కావాలంటే హజ్ వాయిదా వేయాలి. తోటి ఆటగాళ్ళు మైదానాలలో దీపాల వెలుగులో ఆడుతున్న ఆ వారాలలో, ఈ అన్నదమ్ములిద్దరూ కుట్టులేని రెండు వస్త్రాలు ధరించి లక్షలాది జనంలో గుర్తింపు లేని ఇద్దరు హాజీలై నిలిచారు. కవచమూ లేదు, వీపుపై అంకె, పేరూ లేవు.

స్థోమత కలిగిన ఏడాదే హజ్ చేయాలా, జాప్యం చేయవచ్చునా అన్న విషయంలో ఫుఖహాల మధ్య అభిప్రాయభేదం ఉన్నది. ఇమామ్ షాఫిఈ (రహ్మ) జాప్యానికి అవకాశం ఇచ్చారు. మన ప్రాంతంలో అధికులు అనుసరించే హనఫీ మార్గంలో త్వరపడటమే బలమైన మాట. కాని జాప్యానికి అవకాశం ఇచ్చినవారు కూడా రేపటికి హామీ ఇవ్వలేదు. జాప్యం చేసినవాడు హజ్ చేయకుండానే మరణిస్తే బాధ్యుడు అతడే. అప్పులు తీర్చడం, భార్యాబిడ్డలకు తిరిగి వచ్చేదాకా సరిపడా సమకూర్చడం స్థోమతలో భాగాలే. కొలువు వదలుకొని కుటుంబాన్ని వీధిన పడవేసి హజ్‌కు వెళ్ళమని ధర్మం చెప్పదు. అన్ని బాధ్యతలూ తీరి, స్థోమత ఉండి కూడా “ఇంకో ఇల్లు కట్టాక” అనేవారికే ఈ ఉదాహరణ వర్తిస్తుంది.

ఆ తరువాత ఏమయిందని పాఠకులు అడుగుతారు. 2013లో కాన్సస్ సిటీ చీఫ్స్ అనే జట్టు హుసైన్‌ను తీసుకున్నది. ఇక్కడ “చూశారా, హజ్ చేస్తే ఉద్యోగం తిరిగి వచ్చింది” అని చప్పట్లు కొట్టడం సులభం. మేము ఆ మాట అనము. ఎందుకంటే అన్న హమ్జా మరల ఆ లీగ్‌లో ఆడలేదు. ఇద్దరూ ఒకే ఏడాది ఆట వదిలారు, ఒకే హజ్ చేశారు. ఒకరికి మైదానం తిరిగి దొరికింది, మరొకరికి దొరకలేదు. ఎవరి హజ్ గొప్పది? అల్లాహ్‌కే తెలుసు. దొరికిన కొలువును హజ్‌కు రుజువుగా చూపితే, దొరకనివాని హజ్‌ను ఏమనాలి? విధిని విధిగా నెరవేర్చాలి. ఉపాధిని అల్లాహ్ తన వివేకంతో పంచుతాడు.

2014 సెప్టెంబరు 29 రాత్రి జరిగినది చాలామందికి తెలుసు. ఎదుటి జట్టు పేరుమోసిన ఆటగాడు టామ్ బ్రాడీ విసిరిన బంతిని హుసైన్ మధ్యలోనే అందుకొని, 39 గజాలు పరుగెత్తి గీత దాటించారు. అటువంటి అవకాశం వస్తే అల్లాహ్‌కు సజ్దా చేస్తానని ఆయన ముందే సంకల్పించుకొని ఉన్నారు. గీత దాటగానే మోకాళ్ళపై జారి, నుదురు నేలకు ఆనించారు. వెంటనే న్యాయనిర్ణేతలు క్రీడామర్యాద తప్పారని 15 గజాల జరిమానా విధించారు. దేశమంతటా చర్చ లేచింది. మోకరిల్లి ప్రార్థించే క్రైస్తవ ఆటగాళ్ళకు లేని జరిమానా ఇతనికెందుకని చాలామంది ముస్లిమేతరులే ప్రశ్నించారు. మరునాడే లీగ్ తన నిర్ణయం తప్పని, మతపరమైన వ్యక్తీకరణకు జరిమానా ఉండరాదని ప్రకటించింది.

అందరికంటే శాంతంగా మాట్లాడినది హుసైనే. సజ్దాకు కాదు, సజ్దాకు ముందు తాను మోకాళ్ళపై జారినందుకే జరిమానా వేసి ఉంటారని ఆయన అన్నారు. ఎదుటివారిపై హుస్నెజన్, అనగా మంచి ఊహ, అంటే ఇదే. ఎంతటి అవకాశం అది! అన్యాయం జరిగిందని అరిస్తే లక్షల గొంతులు తోడు వచ్చేవి. ఆయన తన పొరపాటును ముందు వెదికారు. ఈ సంగతి చెప్పినప్పుడు మా విద్యార్థులు వుజూ ఉన్నదా, ఖిబ్లా వైపు తిరిగారా అని అడిగారు. కృతజ్ఞతా సజ్దాకు నమాజు షరతులన్నీ వర్తిస్తాయని చాలామంది ఫుఖహాలు, అవసరం లేదని కొందరు అన్నారని పాఠం చెప్పాము. పాఠం చెప్పాక మరొక మాట అడిగాము: “మీ పరీక్షా ఫలితం వచ్చిన రోజున మీరు ముందు చేసినది సజ్దానా, ఫోనా?” తరగతి నిశ్శబ్దమయింది.

ఈ ఆటను మేము మన పిల్లలకు సిఫారసు చేయడం లేదు. తలలు ఢీకొనే ఆట అది. మెదడుకు పలుమార్లు తగిలిన దెబ్బల కారణంగానే హుసైన్ 2016లో, 30 ఏళ్ళ వయసులో, ఆట మానివేశారు. దేహం కూడా అల్లాహ్ ఇచ్చిన అమానతే. దానిని ప్రమాదంలో పడవేసే వృత్తి గురించి ప్రశ్నలు ఉన్నాయి, ఉండాలి కూడా. మానవలసిన వేళ వచ్చినప్పుడు ఆయన మానివేశారన్నది మాత్రం గమనించదగినది. హజ్ కోసం ఒకసారి, ఆరోగ్యం కోసం మరొకసారి. పట్టుకోవడం తెలిసినవానికి వదలడమూ తెలిసి ఉండాలి.

ఆ తండ్రికి మేము చెప్పినది ఇంతే. కొడుకును ఆపకండి. తల్లిని ఏడవనివ్వకండి, ఆమెకు ఒక పని అప్పగించండి. నగరంలో ఉన్న కుమారునికి సహరీలో ఏమి తినాలో, నీరు ఎంత తాగాలో రోజూ ఫోనులో గుర్తుచేయడం ఆమె వంతు. పైఅధికారికి తాను ఉపవాసం ఉంటున్నానని, పనిలో లోటు రానివ్వనని కుమారుడే మర్యాదగా ముందుగా చెప్పాలి. తరావీహ్ తరువాత ఫోను పక్కన పెట్టి పడుకోవాలి. ఏ రోజైనా నిజంగా కళ్ళు తిరిగితే నీరు తాగాలి, సిగ్గుపడనవసరం లేదు, తరువాత ఖజా చేసుకోవాలి. ఇన్ని చేసినా కొలువు పోతే? ఆయన కళ్ళలో ఆ ప్రశ్న కనిపించింది. కొలువు పోదని మేము హామీ ఇవ్వలేదు. ఇచ్చే అధికారం మాకు లేదు. “రిజ్ఖ్ ఇచ్చేవాడు ఆ గిడ్డంగి యజమాని కాదు, అతని చేతుల మీదుగా ఇస్తున్నవాడు వేరొకడు” అని మాత్రం అన్నాము. ఆయన కాసేపు మౌనంగా కూర్చొని, “ఈ మాట నేను మా వాడికి చెప్పవలసింది మౌలానా, మా వాడే నాకు చెప్పాడు” అని లేచారు.

తల్లిదండ్రులారా! మన పిల్లలు కొన్నిసార్లు మనకంటే ధైర్యవంతులు. వారి ధైర్యానికి జాగ్రత్త నేర్పండి, భయం నేర్పకండి. యువకులారా! మీ ధైర్యం మీ పనిలో నాణ్యతగా కనిపించాలి, మాటల్లో గర్వంగా కాదు.

అల్లాహ్ మనందరికీ విధులను వాటి సమయంలో నెరవేర్చే తౌఫీఖ్‌ను, హలాల్ ఉపాధిని, స్థోమత కలిగినవారికి ఆలస్యం లేని హజ్‌ను ప్రసాదించుగాక. ఆమీన్.